కోచింగ్ వృత్తిలో తోటివాళ్ళతో మాటలు, పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నెలకో శనివారం పొద్దున తెలుగు కోచ్‌లం ఏడెనిమిది మందిమి కూర్చుంటాం, ఆరేళ్ళ నుంచి. కొత్తగా వచ్చేవాళ్ళందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు, చెన్నై నుంచి ఫోన్ చేసేవాళ్ళూ ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. మీకు ఏ డౌట్ ఉంటే అక్కడికే వెళ్ళి చదువుకోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు.

## ఇంకా మొదలుపెట్టనివాళ్ళకి

కోచింగ్ చేస్తానంటే మా ఇంట్లో "ఏ సబ్జెక్ట్ చెప్తావు?" అంటున్నారు. ఏమని చెప్పాలి?

మనవాళ్ళకి కోచింగ్ అంటే ఎంసెట్, ఐఐటీ, గ్రూప్స్, అంతే కదా, అందులో వాళ్ళ తప్పేం లేదు. ఇది వేరే పని. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో ఒక మనిషి ఎటూ తేల్చుకోలేక ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని, పాఠం చెప్పకుండా, సలహా ఇవ్వకుండా, వాళ్ళ ఆలోచన వాళ్ళకే తేటపడేలా అడగడం, వినడం. మా అమ్మకి నేను ఇలా చెప్పా: "పక్కింటి పిన్ని వచ్చి కష్టం చెప్పుకుంటే నువ్వు అడ్డు రాకుండా వింటావు చూడు, చివరికి ఆవిడే లేచి 'సరే అక్కా, ఏం చెయ్యాలో నాకు తెలిసింది' అని వెళ్ళిపోతుంది, ఆ పనినే నేర్చుకుని చేస్తున్నా." ఆమెకి వెంటనే అర్థమైంది.

దీనికి గవర్నమెంట్ లైసెన్స్ ఏమైనా ఉందా? ఎవరైనా కోచ్ అని బోర్డు పెట్టేసుకోవచ్చా?

డాక్టర్లకి మెడికల్ కమిషన్, లాయర్లకి బార్ కౌన్సిల్ ఉన్నట్టు మన దేశంలో కోచ్‌లకి చట్టం ప్రకారం లైసెన్స్ లేదు. కాబట్టి అవును, ఎవరైనా పెట్టుకోవచ్చు, నన్ను బాధపెట్టేది కూడా అదే. ఇప్పుడున్న కట్టుబాట్లన్నీ కోచ్‌లు తమకి తాము పెట్టుకున్నవే. 1995లో థామస్ లెనార్డ్ మొదలుపెట్టిన ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) అనే కోచ్‌ల సంఘం ఉంది, యూరప్ వైపు ఈఎంసీసీ (యూరోపియన్ మెంటరింగ్ అండ్ కోచింగ్ కౌన్సిల్) ఉంది, 2008లో డబ్లిన్‌లో వేర్వేరు దేశాల కోచ్‌లు, పరిశోధకులు కలిసి కూర్చుని ఈ పనికి ఉమ్మడి నీతినియమాలు కావాలి, పరిశోధన ఆధారం కావాలి అని ఒక ప్రకటన చేశారు. బయటి నుంచి అడిగేవాళ్ళు లేని వృత్తి ఇది, అందుకే మనలో మనం ఒకర్నొకరు ప్రశ్నించుకోవడం ఆపేస్తే ఇక అడిగే దిక్కే ఉండదు.

ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలదా? మళ్ళీ తోటి కోచ్‌లతో కూర్చోవడం ఎందుకు?

సర్టిఫికెట్ అక్కర్లేదని నేననను. ఐసీఎఫ్‌లో మూడు మెట్ల సర్టిఫికెట్లున్నాయి, మొదటిదైన ఏసీసీకి కనీసం 60 గంటల చదువు, 100 గంటల కోచింగ్ అనుభవం, తర్వాతి పీసీసీకి 125, 500, పై మెట్టు ఎంసీసీకి 200, 2,500 కావాలి, మూడేళ్ళకోసారి రెన్యూవల్‌కి 40 యూనిట్ల చదువు చూపించాలి. ఇవన్నీ మంచివే. కానీ మన పని ఎక్కడ జరుగుతుందో చూడండి, తలుపు వేసుకున్న గదిలో, ఇద్దరే మనుషులు, వాళ్ళలో ఒకరు మనమే. సర్జన్ పక్కన అనెస్తీషియా డాక్టరుంటారు, నర్సుంటుంది, టీచర్ తప్పు చెప్తే ముప్పై మంది పిల్లలు వింటారు. కోచ్ తప్పు చేస్తే క్లయింట్‌కి కూడా తెలీదు, "బాగుందండీ, థ్యాంక్యూ" అని వెళ్ళిపోతారు. అలా 500 గంటలు పూర్తిచేసినవాళ్ళు ఒకే తప్పుని 500 గంటలు సాధన చేసి ఉండొచ్చు కూడా. ఎవరి వంటలో ఉప్పు వాళ్ళకి సరిపోయినట్టే ఉంటుంది, పక్కవాళ్ళు ఒక ముద్ద తింటేనే కదా తెలిసేది.

ఈ కాంపిటెన్సీలు (కోచ్‌కి ఉండాల్సిన నైపుణ్యాలు) అవీ ఎవరు డిసైడ్ చేశారు? ఎవరో ఒక గురువుగారు రాసినవా?

మొదట్లో కొంత అలాగే ఉండేది, తొలితరం కోచ్‌లు తమ అనుభవంతో రాసుకున్నారు. 2019లో ఐసీఎఫ్ తన పాత 11 కాంపిటెన్సీలని 8కి మార్చింది, దానికి ముందు రెండేళ్ళపాటు ప్రపంచంలో 1,300 మందికి పైగా కోచ్‌ల నుంచి వాళ్ళ రోజువారీ పని గురించి సమాచారం సేకరించారు, అందులో ఐసీఎఫ్ సభ్యులు కానివాళ్ళు కూడా ఉన్నారు. కొత్త జాబితాలో కోచ్ తన పని గురించి తాను ఎప్పటికప్పుడు ఆలోచించుకుంటూ ఉండాలన్న మాట కూడా చేరింది. అంటే "మంచి కోచింగ్ అంటే ఇది" అనే మాట పని చేసేవాళ్ళని అడిగి తేల్చింది, అలాంటప్పుడు రేపు మళ్ళీ అడిగితే మారొచ్చు కూడా. దాన్ని వేదంలా పట్టుకోకండి, తేలిగ్గానూ తీసుకోకండి.

## గ్రూపులో కూర్చోవడం మొదలుపెట్టాక

పీర్ గ్రూప్‌లో, అంటే తోటి కోచ్‌ల గ్రూపులో, అసలేం జరుగుతుంది? కబుర్లేనా?

కబుర్లయితే నేను ఆరేళ్ళు వెళ్ళేదాన్ని కాదు. మా పద్ధతి చెప్తా. మొత్తం రెండు గంటలు. ఒకరు తన కేసు పావుగంటలో చెప్తారు, చెప్పేటప్పుడు ఎవరూ మధ్యలో మాట్లాడరు. తర్వాత ఇరవై నిమిషాలు మిగతావాళ్ళు ప్రశ్నలు మాత్రమే అడగాలి, "నేనైతే ఇలా చేసేవాణ్ణి" అన్నమాట వచ్చిందంటే టైమర్ పట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తుతారు. ఆ తర్వాత కేసు తెచ్చినవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంటారు, మిగతావాళ్ళు ఆ కేసు గురించి తమలో తాము మాట్లాడుకుంటారు, తెచ్చినవాళ్ళు నోరు మెదపకుండా వింటారు. నా మట్టుకు నాకు అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే పనికొచ్చేదీ ఆ పది పదిహేను నిమిషాలే.

ఇది మేం కనిపెట్టింది కాదు. 1950ల్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టర్ ఫ్యామిలీ డాక్టర్లని గుంపుగా కూర్చోబెట్టి వాళ్ళ కేసులు మాట్లాడించేవారు, జబ్బు గురించి కాదు, ఆ పేషెంట్‌తో ఆ డాక్టర్‌కి ఏం జరుగుతోంది అన్నదాని గురించి. బాలింట్ గ్రూపులు ఇప్పటికీ చాలా దేశాల్లో నడుస్తున్నాయి. డెబ్భై ఏళ్ళుగా డాక్టర్లకి పనికొస్తున్న పద్ధతి మనకి పనికిరాకుండా పోదు.

క్లయింట్ సంగతులు బయట చెప్పడం తప్పు కాదా?

క్లయింట్‌కి చెప్పకుండా చెప్తే తప్పే. అందుకే మొదటి సెషన్‌లోనే, అగ్రిమెంట్‌లోనే, "నా పని మెరుగుపరుచుకోడానికి పేరు, గుర్తులు లేకుండా కొన్ని విషయాలు తోటి కోచ్‌లతో మాట్లాడతాను, మీకు ఇష్టమేనా?" అని అడగండి, వద్దంటే మానెయ్యండి. నన్ను ఇప్పటిదాకా వద్దన్నవాళ్ళు చాలా తక్కువ, అడిగినందుకు మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ.

ఇంకో సంగతి, బెంగళూరులో తెలుగువాళ్ళ ప్రపంచం చాలా చిన్నది. "వైట్‌ఫీల్డ్‌లో పెద్ద కంపెనీ, నెల్లూరు ఆయన, ఈమధ్యే డైరెక్టర్ అయ్యారు" అని మీరంటే చాలు, గ్రూపులో ఎవరో ఒకరికి ఆయన బావమరిది తెలిసే ఉంటారు. పేరు తీసేస్తే సరిపోదు, ఊరు, కంపెనీ, హోదా, పిల్లల సంఖ్య అన్నీ తీసెయ్యండి, కేసుకి అవసరమైన ముడి ఒక్కటే ఉంచండి. నోట్సు, రికార్డింగుల విషయంలో 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా గుర్తుంచుకోండి, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ఆ పని అయిపోయాక చెరిపెయ్యాలి.

నా సెషన్ రికార్డింగ్ పదిమందికి వినిపించాలంటే సిగ్గుగా ఉంది. తప్పదా?

తప్పదని కాదు గానీ ఒక్కసారి చేసి చూడండి. నా మొదటి రికార్డింగ్ సంగతి చెప్తా. క్లయింట్ అనుమతితో గ్రూపులో ఇరవై నిమిషాలు వినిపించా, నాకు చాలా బాగా కుదిరిందనిపించిన సెషన్ అది. గ్రూపులో ఒక అక్క ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు నేను అడిగిన నిజమైన ప్రశ్నలు, కుడివైపు ప్రశ్న వేషంలో ఉన్న సలహాలు, ఒక్కోదానికి ఒక్కో గీత పెడుతూ పోయింది. "మీ మేనేజర్‌తో ఒకసారి డైరెక్ట్‌గా మాట్లాడితే ఎలా ఉంటుందంటారు?" అన్నది నేను ప్రశ్న అనుకున్నా, ఆమె కుడివైపు గీత పెట్టింది. చివరికి కాగితం తిప్పి చూపిస్తే కుడివైపు నిండిపోయి ఉంది, ఎడమవైపు నాలుగే. ఆమె ఒక్కమాట కూడా అనలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఎన్ని పుస్తకాలు చదివినా రాని మార్పు ఆ ఒక్క కాగితంతో వచ్చింది, ఎందుకంటే అక్కడున్నది నా గొంతు, నా మాటలు.

మొత్తం వినిపించడం కష్టమైతే ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి, ఒకరికే వినిపించండి.

మా గ్రూపులో ఒక సీనియర్ సర్ ఉన్నారు, ఆయన మాట్లాడాక ఇంకెవరూ నోరు విప్పట్లేదు. ఏం చెయ్యాలి?

ఇది మన దగ్గర చాలా మామూలు, ఆయన మంచివారైనా సరే జరుగుతుంది, పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్ళం కదా. మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, సీనియర్ చివర్లో. రెండు, మాట్లాడే ముందు అందరూ రెండు నిమిషాలు చీటీ మీద రాసుకోవాలి, రాసింది చదవాలి, అప్పుడు ముందు మాట్లాడినవాళ్ళ మాటకి తగ్గట్టు మార్చుకునే వీలుండదు. ఇది ఆ సర్‌తోనే వెళ్ళి చెప్పండి, "సర్, మీ మాట చివర్లో వస్తే మాకు ఇంకా బాగా ఉపయోగపడుతుంది" అని. ఇంకో దారి, ఆయన్నే తన కేసు ఒకటి తెమ్మనండి. పెద్దాయన తన తప్పు ఒకటి టేబుల్ మీద పెట్టిన రోజున గదిలో గాలే మారిపోతుంది, నేను కళ్ళారా చూశా.

మెంటర్ కోచింగ్, సూపర్విజన్, పీర్ గ్రూప్, మూడూ ఒకటేనా?

కాదు. మెంటర్ కోచింగ్‌లో అనుభవమున్న కోచ్ మీ సెషన్లు విని మీ నైపుణ్యం మీద ఫీడ్‌బ్యాక్ ఇస్తారు, ఐసీఎఫ్ సర్టిఫికెట్‌కి కనీసం 10 గంటలు, మూడు నెలలకి తగ్గకుండా ఉండాలి. సూపర్విజన్‌లో మీ నైపుణ్యంతో పాటు మీరు, మీ క్లయింట్, వాళ్ళ కంపెనీ, మీ ఇద్దరి మధ్య జరిగేది అన్నీ చూస్తారు. పీర్ గ్రూప్ సమానుల మధ్య, ఫీజు ఉండదు. డబ్బు ఇబ్బందైతే పీర్ గ్రూప్‌తో మొదలుపెట్టండి, కానీ బరువైన కేసు వచ్చినప్పుడు సూపర్వైజర్‌కి ఫీజు కట్టడానికి వెనకాడకండి.

తెలుగులో కోచింగ్ చేస్తే ఇంగ్లిష్ పుస్తకాల్లోని పద్ధతులు పనిచేస్తాయా?

చాలావరకు పనిచేస్తాయి, కానీ కొన్ని చోట్ల మన భాష, మన మర్యాద అడ్డం తిరుగుతాయి, అవి ఇంగ్లిష్ పుస్తకాల్లో దొరకవు, మనలో మనం మాట్లాడుకుంటేనే బయటపడతాయి. మాకు బాగా తెలిసొచ్చింది "సరేనండి".

ఒక ఏడాది వరసగా ముగ్గురు వేర్వేరు నెలల్లో ఒకే రకం కేసు తెచ్చారు. సెషన్ బ్రహ్మాండంగా అవుతుంది, క్లయింట్ "సరేనండి, తప్పకుండా చేస్తానండి" అంటారు, రెండు వారాల తర్వాత వస్తే ఏమీ చెయ్యలేదు. మొదటిసారి అందరం క్లయింట్‌కి పట్టుదల లేదేమో అనుకున్నాం. రెండోసారి కూడా అదే అనుకున్నాం. మూడోసారి చెన్నై నుంచి వచ్చిన ఒక తమ్ముడు, "అక్కా, తమిళ క్లయింట్లు కూడా నాతో సరి సార్ అంటే అది ఒప్పుకోవడం కాదు, 'మీరు చెప్పింది విన్నాను' అని" అన్నాడు. గది ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. నిజమే కదా, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఏదైనా చెప్తే సరే అనేది గౌరవం, చేస్తామా లేదా అన్నది తర్వాతి సంగతి. అంటే క్లయింట్ మమ్మల్ని కోచ్ కుర్చీలోంచి లేపి పెద్దమనిషి కుర్చీలో కూర్చోబెట్టేశారు, మేం గమనించలేదు.

అక్కడితో వదిలెయ్యలేదు. మూడు నెలలపాటు ఒక్కొక్కళ్ళం నోట్‌బుక్‌లో, "సరేనండి" వచ్చినప్పుడల్లా దానికి ముందు ఎవరు ఎంతసేపు మాట్లాడారో రాసుకున్నాం. అందరి నోట్‌బుక్కుల్లోనూ ఒకటే, కోచ్ ఏకబిగిన మాట్లాడిన వెంటనే "సరేనండి" వస్తోంది. ఇప్పుడు నాకు ఆ మాట వినపడగానే ఆగి, "మీరేం చేద్దామనుకుంటున్నారో మీ మాటల్లో ఒకసారి చెప్తారా?" అని అడుగుతా. చాలాసార్లు అప్పుడు అసలు మాట బయటికొస్తుంది, "నిజం చెప్పాలంటే మేడమ్, నాకు అది ఇష్టం లేదు" అని. ఇది రుజువైన సిద్ధాంతం అని నేననట్లేదు, ఏడుగురి నోట్‌బుక్కులు అంతే, కానీ ఒక్కళ్ళం ఉండుంటే ముగ్గురు క్లయింట్లని బద్ధకస్తులని తీసిపారేసి ఊరుకునేవాళ్ళం.

## పరిశోధన చదవడం మొదలుపెట్టేవాళ్ళకి

కోచింగ్ పనిచేస్తుందని నిజంగా రుజువుందా?

ఉంది, అయితే కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. 2014లో టిమ్ థీబూమ్, ఆయన సహచరులు 18 అధ్యయనాలని కలిపి లెక్కగట్టారు, పనితీరు, మానసిక ఆరోగ్యం, ఒత్తిడిని తట్టుకోవడం, పని పట్ల దృక్పథం, లక్ష్యం వైపు తమని తాము నడుపుకోవడం, ఈ ఐదింట్లోనూ మంచి ఫలితం కనిపించింది. 2016లో రెబెక్కా జోన్స్ బృందం ఉద్యోగుల కోచింగ్ మీద 17 అధ్యయనాలు కలిపి చూస్తే అక్కడా మేలే కనిపించింది, మొత్తం ఎదురుగా కూర్చుని చేసినదానికీ, ఎదురుగా కొంత, ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొంత చేసినదానికీ పెద్ద తేడా రాలేదు, సెషన్ల సంఖ్యతో కూడా తేడా రాలేదు. ఆరు నెలల ప్యాకేజీయే కొనాలని క్లయింట్‌ని ఒత్తిడి చేసేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

జాగ్రత్త ఎందుకంటే, వీటిల్లో చాలా అధ్యయనాలు చిన్నవి, చాలాచోట్ల ఫలితం చెప్పింది క్లయింటే. డబ్బు, టైమ్ పెట్టినవాళ్ళకి "బాగుంది" అనాలనిపించడం సహజం.

ఏ మోడల్ (కోచింగ్ పద్ధతి) బెస్ట్? ఏది నేర్చుకుంటే క్లయింట్లకి త్వరగా రిజల్ట్ వస్తుంది?

ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు లేరు. పరిశోధన మాత్రం మోడల్ కంటే కోచ్‌కీ క్లయింట్‌కీ మధ్య ఉన్న బంధం వైపు ఎక్కువ వేలు చూపిస్తోంది. ఎరిక్ డి హాన్, ఆంథొనీ గ్రాంట్ వాళ్ళు 2016లో 1,895 క్లయింట్-కోచ్ జంటల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, ఇద్దరూ ఒకే లక్ష్యం మీద, ఒకే పని మీద, నమ్మకంతో ఉన్నారా అన్నదానికి ఫలితంతో సంబంధం బాగా కనిపించింది, ఇద్దరి స్వభావాలు కలిశాయా అన్నదానికి కనిపించలేదు. 2020లో కరోలిన్ గ్రాస్‌మన్ బృందం 3,563 కోచింగ్ ప్రక్రియల సమాచారం కలిపి చూసినా బంధానికీ ఫలితానికీ సంబంధం గట్టిగానే కనిపించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బంధం బాగుండడం వల్ల ఫలితం వచ్చిందా, లేక ఫలితం కనిపించేసరికి బంధం బాగుందనిపించిందా? రెండూ కలిసి ఉన్నాయని తెలిసినంత మాత్రాన ఏది దేనికి కారణమో తెలిసినట్టు కాదు. నేనైతే కొత్త మోడల్ కోర్సుకి పెట్టే డబ్బులో సగం సూపర్విజన్‌కి పెడతా.

ఇంగ్లిష్‌లో ఉన్న రిసెర్చ్ పేపర్లు చూస్తేనే భయమేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

డబ్బు కట్టక్కర్లేని చోట మొదలుపెట్టండి. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీ 2003 నుంచి కోచింగ్, మెంటరింగ్ మీద ఒక జర్నల్ నడుపుతోంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మొదట సారాంశం, తర్వాత చివరి చర్చ భాగం చదవండి, మధ్యలో ఉన్న లెక్కలు మొదటిసారి వదిలెయ్యండి. చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి: ఎవరి మీద చేశారు? కోచింగ్ తీసుకోనివాళ్ళతో పోల్చారా? ఫలితం ఎవరు చెప్పారు, క్లయింటా, వాళ్ళ మేనేజరా, టీమా? కోచింగ్ అయిపోయిన ఎన్నాళ్ళకి కొలిచారు? ఈ నాలుగూ అడిగితే పేపర్ బరువెంతో సగం తెలిసిపోతుంది.

ఒక్కళ్ళే చదవకండి. మేం రెండు నెలలకో పేపర్ చదువుతాం, ఒకరు తెలుగులో చెప్తారు. తెలుగులో చెప్పలేకపోయామంటే అర్థం కాలేదని తేలిపోతుంది.

కోచింగ్‌కి రూపాయి పెడితే ఇన్ని రెట్లు లాభం అని చెప్తుంటారు కదా, ఆ లెక్కలు మన బ్రోషర్‌లో వేసుకోవచ్చా?

నేను వెయ్యను, మీరూ వెయ్యకండి అని బతిమాలుతున్నా. అలాంటి లెక్కలు చాలావరకు ఎలా వస్తాయంటే, కోచింగ్ తీసుకున్నవాళ్ళనే "మీకు ఎంత లాభం వచ్చిందంటారు, అందులో కోచింగ్ వాటా ఎంతంటారు?" అని అడిగి కూడినవి. అది వాళ్ళ అంచనా, కొలత కాదు.

ఇంకోటి చూడండి. బెంగళూరు ఐటీ కంపెనీల్లో మనిషిని కోచింగ్‌కి ఎప్పుడు పంపిస్తారు? అప్రైజల్‌లో రేటింగ్ బాగా పడిపోయాక. అంటే ఆ మనిషి తన మామూలు స్థాయి కంటే కింద ఉన్న రోజున మన దగ్గరికొస్తారు. ఆరు నెలలయ్యాక మన ప్రమేయం లేకపోయినా కొంత పైకి వస్తారు, ఎందుకంటే ఆ పడిపోవడంలో కొంత ఆ ఏడాది ప్రాజెక్ట్ దురదృష్టం, కొంత ఇంట్లో జ్వరాలు, కొంత మారిన మేనేజర్. జ్వరం 103 ఉన్నప్పుడు మాత్ర వేస్తే మర్నాడు తగ్గుతుంది, మాత్ర వెయ్యకపోయినా కొందరికి తగ్గుతుంది, అదే రకం. పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఎంత మనది, ఎంత కాలానిది అన్నది ఎవరూ చెప్పలేరు.

ఏఐ కోచ్‌లు వచ్చేస్తున్నాయి, ఇక మనం ఎందుకు?

2022లో నిక్కీ టెర్‌బ్లాంష్ బృందం విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో ఒక చాట్‌బాట్, మనుషులైన కోచ్‌లు, ఇద్దరి వల్లా లక్ష్యాలు చేరుకోవడం మెరుగైంది, చివరికి వచ్చేసరికి ఇద్దరికీ తేడా పెద్దగా లేదు. ఇది చదివి కోపం తెచ్చుకోకండి. లక్ష్యం రాసుకో, అడుగులు వేసుకో, వారానికోసారి చూసుకో, ఇంతవరకే మీ కోచింగ్ అయితే మెషీన్ చేసేస్తుంది. ఆ ప్రయోగం కొలిచింది లక్ష్యాలని. క్లయింట్ "సరే" అని గొంతు దించినప్పుడు అందులో ఏముందో పట్టుకోవడం, తన పైఅధికారి గురించి మాట్లాడుతూ ఉన్నట్టుండి తన తండ్రి గురించి మాట్లాడడం మొదలుపెట్టిన మనిషితో ఉండడం, అదింకా కొలవలేదు. అది మనకి చేతనవును అని చెప్పుకోడానికి కూడా ఆధారం చూపించాల్సింది మనమే.

## మీరే రాసుకోవడం, కొలవడం మొదలుపెట్టాక

నేను ప్రొఫెసర్‌ని కాదు, పీహెచ్‌డీ లేదు. నేను రిసెర్చ్ చెయ్యగలనా?

జర్నల్‌లో అచ్చయ్యే రిసెర్చ్ కాకపోవచ్చు, కానీ దానికి దారి వేసే పని కచ్చితంగా చెయ్యగలరు. ఒకే ఒక్క ప్రశ్న పెట్టుకోండి, చిన్నది. "మూడో సెషన్ తర్వాత ఎందుకు మానేస్తున్నారు?" లాంటిది. ప్రతి క్లయింట్‌కీ మొదట్లో, మధ్యలో, అయిపోయిన మూడు నెలలకి అవే రెండు మూడు ప్రశ్నలు అడగండి, మాటలు మార్చకుండా. రాసుకునేది సెషన్ అయిన పది నిమిషాల్లోనే రాసుకోండి, రాత్రికి వాయిదా వేస్తే మనసు తనకి నచ్చినట్టు కథ అల్లేస్తుంది. మనకి అనుకూలంగా రానివి కూడా రాయండి, అవే ముఖ్యం.

ఆంథొనీ గ్రాంట్ 2000లో సిడ్నీ యూనివర్సిటీలో కోచింగ్ సైకాలజీ యూనిట్ మొదలుపెట్టేనాటికి ఈ రంగంలో చెప్పుకోదగ్గ పరిశోధన చాలా తక్కువ. యూనివర్సిటీలు తలుపు తెరిస్తే సరిపోదు, లోపలికి ప్రశ్నలు మోసుకెళ్ళాల్సింది పని చేసేవాళ్ళే.

ఎంతమంది క్లయింట్ల డేటా ఉంటే ఏదైనా గట్టిగా చెప్పొచ్చు?

మీ పదిమందితో గట్టిగా ఏదీ చెప్పలేరు. కానీ ఎనిమిది మంది కోచ్‌లు ఒకే ప్రశ్న ఒకేలా అడిగి రాసుకుంటే ఎనభై అవుతుంది. కలిసి పనిచెయ్యమనేది అందుకే.

ఫెయిలైన కేసులు బయటపెడితే నా పేరు పోదా?

గ్రూపులో చెప్పిందాన్ని గ్రూపు బయటికి తీసుకెళ్ళేవాళ్ళుంటే ఆ గ్రూపు మంచిది కాదు, వదిలేసి రండి. మంచి గ్రూపులో పోదు.

నాకు ఒక కేసు ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. ఒక కంపెనీలో టీమ్ లీడ్‌గా ఉన్నామె, నాలుగు సెషన్లయ్యాక మెసేజ్‌కి జవాబివ్వడం మానేసింది. నేను తనకి టైమ్ కుదరలేదనుకున్నా. ఏడాది తర్వాత గ్రూపులో ధైర్యం చేసి చెప్పా, నోట్సు చదివి వినిపించా. ఒకాయన మెల్లగా అడిగారు, "అమ్మా, మీ నోట్సులో నాలుగు సెషన్లలోనూ ఆమె నిద్ర పట్టట్లేదు అంది, మీరు ఒక్కసారైనా దాని గురించి అడిగారా?" అని. అడగలేదు. నేను ప్రమోషన్ లక్ష్యం మీదే నడిపించా. అప్పట్నుంచి మా ఎనిమిది మందిమీ మొదటి సెషన్‌లో నిద్ర గురించి అడుగుతాం. నా ఒక్కదాని తప్పు ఎనిమిది మందికి పాఠమైంది, దాచుకుని ఉంటే నాకు కూడా కాకపోయేది.

క్లయింట్‌కి కావాల్సింది కోచింగ్ కాదు, డాక్టర్ అనిపిస్తే?

ఆపి, ఆ మాట మృదువుగా, సూటిగా చెప్పండి. ఈ సందేహం రావడం మీ బలహీనత కాదు. జర్మనీలో కార్స్టెన్ షెర్ములీ వాళ్ళు కోచింగ్ వల్ల వచ్చే చెడు ప్రభావాల మీద కోచ్‌లనే అడిగి పరిశోధన చేశారు, అందులో ఎక్కువగా కనిపించినవాటిలో ఒకటి, కోచింగ్‌లో లోతైన సమస్య పైకి తేలి, దాన్ని అక్కడ పట్టించుకోలేకపోవడం. మందుకి సైడ్ ఎఫెక్ట్ ఉన్నట్టే దీనికీ ఉందని ఒప్పుకోవడం వృత్తి ఎదుగుతోందనడానికి గుర్తు అని నేననుకుంటా. నిద్ర లేకపోవడం, ఏడుపు ఆగకపోవడం, బతకాలని లేదనే మాట, ఇవి విన్నప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉండనే ఉంది. ఆ 14416 నంబర్ మీ ఫోన్‌లో ఈరోజే సేవ్ చేసుకోండి.

## కంపెనీలతో పనిచేసేవాళ్ళకి

హెచ్‌ఆర్ వాళ్ళు ప్రతి సెషన్‌కీ రిపోర్ట్ అడుగుతున్నారు. ఫీజు ఇచ్చేది వాళ్ళే, ఇవ్వక తప్పుతుందా?

సెషన్‌లో మాట్లాడింది ఇవ్వకూడదు. మొదలయ్యే ముందే హెచ్‌ఆర్, మేనేజర్, క్లయింట్, మీరు కలిసి కూర్చుని ఏది చెప్తాం, ఏది చెప్పం అని కాగితం మీద పెట్టుకోండి. ఎన్ని సెషన్లయ్యాయి, లక్ష్యం ఏంటి, అంతవరకు సరే. లక్ష్యం ఎంతవరకు వచ్చిందన్నది క్లయింట్ నోటితో చెప్పనివ్వండి, మీరు పక్కన ఉండండి. ఇది ఒక్కళ్ళే పట్టుబడితే కాంట్రాక్ట్ పోవచ్చు, నాకు ఒకసారి పోయింది. అదే ఊళ్ళో ఉన్న కోచ్‌లందరూ ఇదే మాట అంటే కంపెనీ వింటుంది.

యూనివర్సిటీ వాళ్ళు మా క్లయింట్ల డేటా అడుగుతున్నారు. ఇవ్వాలా?

వాళ్ళ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూడండి. క్లయింట్లకి నేరుగా వాళ్ళే విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, మీ మొహమాటం మీద కాదు. ఫలితాలు మీకూ చదివి వినిపిస్తారా అని అడగండి. "వినిపించం" అంటే డేటా ఇవ్వకండి.

మా ఊళ్ళో, చెన్నైలో, తెలుగు కోచ్‌ల గ్రూపు లేదు. ఎలా మొదలుపెట్టాలి?

నలుగురు చాలు, ఎనిమిది దాటనివ్వకండి. ఐసీఎఫ్ చాప్టర్ బెంగళూరులోనూ చెన్నైలోనూ ఉంది, అక్కడి మీటింగ్‌లకి వెళ్తే తెలుగు మాట వినపడుతుంది, పలకరించండి. చెన్నైలో తమిళం కలిపి మాట్లాడే తెలుగు కోచ్‌లని కూడా పిలవండి, మా "సరేనండి" ముడి విప్పింది అలాంటివాడే. ఒకే కంపెనీవాళ్ళు ఇద్దరు లేకుండా చూసుకోండి. మొదటి రోజే రహస్యం గురించి ఒక పేజీ రాసి అందరూ సంతకం పెట్టండి. తేదీ మారకూడదు, మాది నెలలో రెండో శనివారం, పెళ్ళిళ్ళ సీజన్ అయినా సరే ముగ్గురు వస్తే కూర్చుంటాం. మొదటి కేసు మీరే తీసుకెళ్ళండి, బాగా కుదిరినది కాదు, నిద్ర పట్టనివ్వనిది. టిఫిన్ మాత్రం మాటలయ్యాక పెట్టండి, ముందు పెడితే తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సింది పదిన్నరవుతుంది.